రబ్బరు రింగుల మర్యాద

హైమ అమెరికాలోని షామ్‌బర్గ్‌లో ఒక పంపుల కంపెనీలో చాలా ఏళ్లుగా ఇంజినీరు. పాల డెయిరీలకు పంపులు తయారుచేసే చిన్న కంపెనీ అది. ఆ పంపుల్లోంచి కాసేపు చల్లటి పాలు పారతాయి, ఆ వెంటనే గొట్టాలు కడగడానికి పొగలు కక్కే వేణ్ణీళ్లు పారతాయి. రెండింటికీ తట్టుకుని కారకుండా ఆపేవి లోపలి రబ్బరు రింగులు. అవి చైనాలోని నింగ్బో నుంచి వస్తాయి. ఏళ్ల తరబడి ఏ గొడవా లేకుండా వచ్చిన ఆ రింగులు ఈ వేసవి నుంచి పెళుసుబారి పగలడం మొదలెట్టాయి. విస్కాన్సిన్‌లో ఒక డెయిరీవాళ్లు పాలన్నీ నేలపాలయ్యాయని ఫోన్ చేసి దులిపేశారు.

రబ్బరు మారిందని హైమకు తెలుసు. ల్యాబ్‌లో పరీక్ష చేయించి మరీ చూసింది. ఆ సంగతి ఎంతో మర్యాదగా మెయిల్ రాస్తే, అంతకంటే మర్యాదగా జవాబు వచ్చింది. తమ ఛైర్మన్ గారు స్వయంగా అమెరికా వస్తున్నారనీ, పాత స్నేహాన్ని మరింత బలపరచుకోవాలని కోరుకుంటున్నారనీ అందులో ఉంది. రబ్బరు గురించి ఒక్క ముక్క లేదు.

"వాళ్లు సోమవారం వస్తున్నారు. నువ్వే చూసుకో హైమా," అన్నాడు కర్ట్, ఆమె బాస్. "నువ్వూ ఆసియా మనిషివే కదా. వాళ్ల పద్ధతులు నీకు తెలిసే ఉంటాయి."

హైమది తెనాలి. తెనాలికీ నింగ్బోకీ మధ్య ఎన్ని కొండలూ సముద్రాలూ ఉన్నాయో ఇతనికి మ్యాప్ పెట్టి చూపించాలా అనిపించింది. కానీ ఆ మాట పైకి అనలేదు.

ఇంటికొచ్చి చెబితే మొగుడు శశికాంత్ ఉత్సాహంగా ల్యాప్‌టాప్ ముందేసుకున్నాడు.

"ఇదిగో విను. విజిటింగ్ కార్డ్ రెండు చేతులతో ఇవ్వాలట, రెండు చేతులతో తీసుకోవాలట. తీసుకున్నాక చదివినట్టు కనపడాలట. గడియారం గిఫ్ట్‌గా ఇవ్వకూడదట. భోజనంలో ప్లేట్ పూర్తిగా ఖాళీ చేయకూడదట."

"నేనేమన్నా వాళ్లకి పిల్లనిస్తున్నానా శశీ? రింగులెందుకు పగిలాయో చెప్తే చాలు నాకు."

"అది మాత్రం డైరెక్ట్‌గా అడక్కూడదట," అన్నాడు అతను, స్క్రీన్ కిందికి జరుపుతూ.

హైమ ల్యాప్‌టాప్ మూసేసింది.

అయినా ఆ రాత్రి మిగతాదంతా తనే చదివింది. ఆదివారం కర్ట్‌కి ఫోన్ చేసి, పెద్దాయనకి ముందు చేయివ్వమనీ, కార్డు జాగ్రత్తగా తీసుకోమనీ, అందరి ముందూ తప్పు ఎత్తి చూపొద్దనీ చెప్పింది. "గాట్ ఇట్, గాట్ ఇట్," అన్నాడు కర్ట్. వెనకాల టీవీలో ఫుట్‌బాల్ మ్యాచ్ కేకలు వినిపిస్తూనే ఉన్నాయి.

సోమవారం పొద్దున నలుగురు వచ్చారు. ముందు నడిచింది లూ అనే నలభై ఏళ్ల ఆవిడ. నల్ల సూటు, చక్కటి ఇంగ్లిష్. దుబాసీ ఆవిడే. ఆవిడ వెనక ఇద్దరు ఇంజినీర్లు. అందరికంటే వెనక, బూడిదరంగు జాకెట్‌లో, చేతిలో వేణ్ణీళ్ల ఫ్లాస్కుతో ఒక ముసలాయన. ఆయనే ఛైర్మన్ గావ్.

కర్ట్ నేరుగా లూ దగ్గరికెళ్లి చేయి పట్టుకుని ఊపాడు. ఇంజినీర్ల భుజాలు తట్టాడు. ముసలాయన్ని చూసి, ఎవరి తండ్రో ఊరు చూడ్డానికి వెంట వచ్చాడనుకున్నాడో ఏమో, "సర్, మీరిక్కడ హాయిగా కూర్చోండి," అంటూ గోడ పక్కనున్న సోఫా చూపించాడు.

హైమ పరుగున వెళ్లి, రెండు చేతులూ చాచి, తనకొచ్చిన రెండు చైనీస్ ముక్కల్లో స్వాగతం చెప్పి, ఆయన్ని టేబుల్ దగ్గరికి తీసుకొచ్చింది. ఆయన నవ్వుతూ తల ఊపాడు. రెండు చేతులతో కర్ట్‌కి కార్డు ఇచ్చాడు. కర్ట్ దాన్ని రెండు వేళ్లతో అందుకుని, ప్యాంటు వెనక జేబులో పెట్టుకుని, దానిమీదే కూర్చున్నాడు. ఇంజినీర్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆ తర్వాత మీటింగ్ మొదలైంది. కర్ట్ ఐదు నిమిషాలు మాట్లాడితే లూ నాలుగు మాటల్లో తేల్చేసేది. ఛైర్మన్ ఐదు నిమిషాలు మాట్లాడితే, "ఛైర్మన్ గారు చాలా సంతోషిస్తున్నారు," అనేది. దేనికి సంతోషిస్తున్నాడో చెప్పేది కాదు. మధ్యలో ఎక్కడ ఏం జారిపోతోందో హైమకు అంతుపట్టలేదు.

కాఫీ అయ్యాక కర్ట్ ప్రొజెక్టర్ వేశాడు. గోడంత సైజులో పగిలిన రింగు బొమ్మ. పక్కన ఎర్ర బాణం గుర్తు. ఆ స్లైడు తీసేయమని హైమ ముందే చెప్పింది. కర్ట్ ఛైర్మన్ వైపు తిరిగాడు.

"సూటిగా అడుగుతున్నాను. మీరు రబ్బరు మార్చారా, లేదా? యెస్ ఆర్ నో?"

లూ గొంతు సవరించుకుంది. చాలా మెల్లగా, చాలాసేపు ఏదో చెప్పింది. ఛైర్మన్ మొహంలో నవ్వు చెక్కుచెదరలేదు. ఇంజినీర్లు మాత్రం టేబుల్ మీద చెక్క గీతలు పరిశీలించడం మొదలెట్టారు.

"ఈ విషయం మేం పరిశీలిస్తాం," అంది లూ చివరికి. "ఛైర్మన్ గారికి ప్రయాణ బడలికగా ఉంది."

అందరూ లేచి హోటల్‌కి వెళ్లిపోయారు.

"చూశావా, జవాబు చెప్పలేకపోయారు," అన్నాడు కర్ట్ గెలిచినవాడిలా.

"జవాబు చెప్పకుండా చేసింది నువ్వు," అంది హైమ. ఆమెకు తల పగిలిపోతోంది. ఇటు చూస్తే చెప్పింది వినని మనిషి, అటు చూస్తే విన్నదానికి బదులు చెప్పని మనుషులు. ఈ రెండు గోడల మధ్య తనెందుకు ఇరుక్కుందో అర్థం కాలేదు.

మర్నాడు వాళ్లు రాలేదు. ఫోన్ చేస్తే, ఛైర్మన్ గారు విశ్రాంతి తీసుకుంటున్నారంది లూ. సాయంత్రం మళ్లీ చేస్తే, ఛైర్మన్ గారికి జిన్సెంగ్ తోటలు చూడాలని ఉందంది. జిన్సెంగ్ అంటే చైనావాళ్లు మందుగా వాడే ఒక రకం దుంపవేరు. విస్కాన్సిన్‌లో వాసా అనే ఊరి చుట్టుపక్కల పండే దుంపకి అక్కడ మహా పేరట.

"వాసా అంటే ఇక్కణ్ణుంచి నాలుగ్గంటల దారి. మనదేమన్నా టూరిస్ట్ ఏజెన్సీనా?" అని గయ్యిమన్నాడు కర్ట్. "నేను రాను. కావాలంటే నువ్వు వెళ్లు."

హైమకూ వెళ్లాలని లేదు. బల్లమీద పని కొండలా పేరుకుపోయింది. కానీ శుక్రవారం రాత్రి వాళ్ల విమానం. ఈలోగా రింగుల సంగతి తేలకపోతే చలికాలమంతా డెయిరీవాళ్ల తిట్లు తినాల్సింది తనే. బుధవారం పొద్దున్నే హోటల్ ముందు కారు ఆపింది. ఛైర్మన్, లూ ఇద్దరే ఎక్కారు. ఇంజినీర్లని హోటల్లోనే ఉండమన్నాడట.

రాక్‌ఫర్డ్ దాటింది, మ్యాడిసన్ దాటింది. ఛైర్మన్ వెనక సీట్లో గుర్రుపెట్టి నిద్రపోయాడు. హైమ ఒకటికి రెండుసార్లు రింగుల మాట ఎత్తబోతే, "చెట్ల రంగులు ఎంత బాగున్నాయి!" అంది లూ. ఈవిడ గొంతు నులిమితే ఏ సెక్షన్ కింద కేసు పెడతారో అని హైమ కాస్త సీరియస్‌గానే ఆలోచించింది.

వాసా చేరేసరికి ఛైర్మన్ మేలుకున్నాడు. నల్లటి వలల నీడలో వరసలు వరసలుగా ఉన్న జిన్సెంగ్ మళ్లని చూసి పసిపిల్లాడిలా సంబరపడ్డాడు. గట్టు మీద గొంతుక్కూర్చుని మట్టి చేతిలోకి తీసుకుని నలిపి వాసన చూశాడు. ఆ మడి రైతుతో లూ సాయం లేకుండానే చేతి సైగలతో మాట్లాడేశాడు. ఈ మనిషికి మాటలు రావనీ, సూటిదనం లేదనీ ఇంతవరకూ తననుకున్నది నిజం కాదేమోనని హైమకు మొదటిసారి అనిపించింది.

మధ్యాహ్నం ఊళ్లోని చిన్న హోటల్లో భోజనానికి కూర్చున్నారు. అప్పుడు మొదలయ్యాయి ఆయన ప్రశ్నలు. నీ వయసెంత? మీ ఆయన ఏం చేస్తాడు? జీతమెంత? ఒక్కత్తే కూతురా, ఇంకొకరిని ఎందుకు కనలేదు? మీ నాన్న ఉన్నాడా, ఆయనకేం జబ్బులున్నాయి? తెనాలిలో పెళ్లిళ్లలో పీటల పక్కన కూర్చుని ఆరాలు తీసే పెద్దమ్మలు గుర్తొచ్చారు హైమకు. అమెరికా వచ్చాక ఎవరూ ఇన్ని అడగలేదు. విసుగొచ్చినా, ఓపిగ్గా అన్నిటికీ చెప్పింది. నాన్న రామమోహనరావు ఎడిసన్ ఊళ్లో హైమ తమ్ముడి దగ్గర ఉంటాడనీ, మోకాళ్లు పనిచేయక మెట్లెక్కలేడనీ చెప్పినప్పుడు ఆయన సానుభూతిగా నాలుక చప్పరించాడు.

అంతలో వేయించిన చేప వచ్చింది. ఆయన అందులో మంచి ముక్క ఎంచి, తన చేత్తో హైమ ప్లేటులో వేశాడు.

హైమ పుట్టి బుద్ధెరిగాక చేప ముట్టలేదు. ఆ సంగతి లూకి మూడుసార్లు చెప్పింది. లూ కిటికీలోంచి బయటికి చూస్తోంది. హైమ ఆ ముక్క తినలేకపోయింది, తీసి పక్కన పెట్టలేకపోయింది. ఇంత పెద్దాయన ప్రేమగా వడ్డిస్తే వద్దంటే ఏమనుకుంటాడో! ఒళ్లు మండిపోయింది హైమకు. ఇక ఈ మర్యాదలు తన వల్ల కాదనుకుంది.

"సర్, నేను మాంసం, చేపలు తినను. మా అమ్మ, అమ్మమ్మ ఎవ్వరూ తినరు. మీరు పెట్టారని కాదనలేక కూర్చున్నాను," అని ఇంగ్లిష్‌లో గబగబా అనేసింది. ఈసారి లూ ఆ మాటలు మొత్తం అనువదించింది.

ఛైర్మన్ పెద్దగా నవ్వి, ముక్క తిరిగి తన ప్లేటులో వేసుకున్నాడు. ఏదో చెప్పడం మొదలెట్టాడు. తన తల్లి కూడా పాడ్యమికీ పున్నమికీ మాంసం ముట్టేది కాదట. ఆ రోజుల్లో వీధిచివర స్నేహితుడి ఇంట్లో తను దొంగచాటుగా తినొచ్చేవాడట. లూ అంతవరకూ అనువదించింది. కానీ ఆయన ఆగలేదు. ఆ స్నేహితుడి పేరు కాబోలు, ఒక పేరు మళ్లీ మళ్లీ వచ్చింది. ఆయన గొంతు తగ్గింది. చేతిలో కప్పు తిప్పుతూ చాలాసేపు మాట్లాడాడు. చివరికి కప్పు కింద పెట్టాడు.

హైమ లూ వైపు చూసింది.

"విస్కాన్సిన్‌లో వాతావరణం చాలా బాగుందంటున్నారు ఛైర్మన్ గారు," అంది లూ.

హైమకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

తిరుగు ప్రయాణానికి ముందు ఛైర్మన్ దుంపలు కొనడానికి దుకాణంలోకి వెళ్లాడు. లూ మాత్రం లోపలికి పోకుండా కారు దగ్గర ఆగిపోయింది.

"ఇందాక ఆయన చెప్పింది నేను మీకు చెప్పలేదు," అంది. "ఇప్పుడు చెప్తాను. దుబాసీగా కాదు. నేను చెప్పినట్టు ఎవరికీ తెలియకూడదు."

"చెప్పండి."

"మాకు రబ్బరు ఇచ్చేది ఆయన చిన్ననాటి స్నేహితుడు. పోయినేడాది చనిపోయాడు. కొడుకు చేతికి ఫ్యాక్టరీ వచ్చింది. ఆ అబ్బాయి చవక సరుకు కలుపుతున్నాడని మా ఇంజినీర్లిద్దరూ అప్పుడే చెప్పారు. స్నేహితుడి కొడుకుని ఎలా అనుమానిస్తానని ఛైర్మన్ గారు వాళ్లని కేకలేశారు. ఇప్పుడు వాళ్ల ముందే మీ బాస్ ఆయన్ని తప్పు ఒప్పుకోమన్నాడు."

"మరి రింగులు?" అంది హైమ.

"మీవాళ్లు మళ్లీ అడిగితే మేం కాదని చెప్పాలి. ఒకసారి కాదన్నాక కొత్తవి పంపలేం కదా. అడక్కపోతే ఛైర్మన్ గారే అన్నీ మారుస్తారు. ఆ మాట ఇందాకే అన్నారు."

దారంతా హైమ కుతకుతలాడుతూనే డ్రైవ్ చేసింది. ఆ పెద్దాయన మీద జాలేసింది. అంత జాలి తనచేత నాలుగ్గంటలు కారు నడిపించి రాబట్టుకున్నందుకు కోపమూ వచ్చింది. మన ఇళ్లల్లో మాత్రం పెద్దవాళ్లు పిల్లల ముందు పొరపాటు ఒప్పుకుంటారా అనే ఆలోచన కూడా వచ్చింది. అది ఆమె కోపాన్ని తగ్గించలేదు.

గురువారం పొద్దున కర్ట్ గదిలో తలుపు మూసి చెప్పింది. లూ పేరు ఎత్తలేదు.

"అయితే ఒప్పుకున్నారన్నమాట," అన్నాడు కర్ట్.

"లేదు."

"ఒప్పుకోలేదా?"

"అదీ కాదు."

"మరేంటి?"

"నువ్వు అడక్కపోతే కొత్త రింగులు పంపుతారు."

"అడిగితే?"

"పంపరు."

కర్ట్ రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. "ఇది పిచ్చితనం హైమా."

"అవును. నాకూ అలాగే ఉంది. నీకు జవాబు కావాలా, రింగులు కావాలా? ఏదో ఒకటి చెప్పు."

రింగులే కావాలన్నాడు.

మధ్యాహ్నం మీటింగ్‌లో కర్ట్ బాగానే నెట్టుకొచ్చాడు. ఛైర్మన్‌కి ముందుగా చేయిచ్చాడు. జిన్సెంగ్ గురించి అడిగాడు. వాతావరణం గురించి మాట్లాడాడు. ఇంజినీర్లు కూడా కాస్త తేలికపడ్డారు. ఇక గండం గడిచిందనుకుంటుండగా అతను కుర్చీలో ముందుకు వంగాడు.

"ఒక్క చిన్న విషయం. జస్ట్ క్లారిటీ కోసం..."

"ఛైర్మన్ గారూ!" అంది హైమ. అంత గట్టిగా అనాలనుకోలేదు. అందరూ ఆమె వైపు తిరిగారు. ఇప్పుడేదో ఒకటి చెప్పాలి. నోటికొచ్చింది ఒక్కటే.

"ముందుగా నేను ఒక మాట చెప్పుకోవాలి. మా డెయిరీల్లో నీళ్లు ఎంత వేడిగా ఉంటాయో నేను మీకు రాసి పంపిన స్పెసిఫికేషన్‌లో సరిగ్గా చెప్పలేదు. అది నా పొరపాటు. అంత వేడికి తట్టుకునే రబ్బరు కావాలి. మీరే సాయం చేయాలి."

రింగు ఎలా ఉండాలో చెప్పే ఆ స్పెసిఫికేషన్ ఆమె నెల రోజులు కూర్చుని రాసింది. నీళ్ల వేడి ఎంతో మొదటి పేజీలోనే లావుపాటి అక్షరాల్లో ఉంది. తన ఉద్యోగం మొత్తంలో ఇంత పకడ్బందీగా చేసిన పని ఇంకొకటి లేదు. ఆ గదిలో ఆ సంగతి బాగా తెలిసినవాళ్లు ఎదురుగా కూర్చున్న ఛైర్మన్, ఇంజినీర్లే.

లూ ఆ మాటల్ని మెల్లగా, ఒక్కటీ పొల్లుపోకుండా చైనీస్‌లో చెప్పింది. ఒక ఇంజినీరు తలెత్తి హైమను చూసి, మళ్లీ దించుకున్నాడు. ఛైర్మన్ ఫ్లాస్కు మూత తీసి రెండు గుక్కలు తాగాడు.

"పాత స్నేహితులు సాయం అడిగితే మేం కాదనం," అన్నాడు లూ ద్వారా. "మరింత మంచి రబ్బరుతో కొత్త రింగులు చేస్తాం. ఇంతకుముందు పంపినవాటన్నిటికీ బదులుగా కూడా, మా ఖర్చుతోనే. రబ్బరు ఎక్కణ్ణుంచి తేవాలో ఈ ఇద్దరూ నిర్ణయిస్తారు." అంటూ ఇంజినీర్ల వైపు చూపించాడు.

వాళ్లు వెళ్లారో లేదో కర్ట్ హైమను వరండాలో ఆపాడు. మొహంలో ఆశ్చర్యం.

"అంటే స్పెసిఫికేషన్ తప్పు మనదేనా? మరి నాకు ముందే ఎందుకు చెప్పలేదు? నేను డెయిరీవాళ్లకి రిపోర్ట్ పంపాలి కదా!"

హైమ గోడకు ఆనుకుంది. ఈ మనిషికి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి చెప్పాలి?

"కర్ట్, తప్పు మనది కాదు. నాది అసలే కాదు."

"నువ్వే కదా ఇప్పుడే అన్నావు?"

"అన్నాను. అనకపోతే నువ్వు ఆ ప్రశ్న అడిగేసేవాడివి."

"నిజం కానిది మీటింగ్‌లో ఎలా అంటావు?"

"మొదటి పేజీ చదువు. ఇప్పుడే వెళ్లి చదువు. చదివాక రిపోర్ట్‌లో నా పేరు పక్కన తప్పు అనే మాట రాశావంటే రేపణ్ణుంచి నేను ఈ ఆఫీసుకి రాను." కర్ట్ తన గదిలోకి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం ఛైర్మన్ అందరికీ ఒక చైనీస్ రెస్టారెంట్‌లో విందు ఇచ్చాడు. గుండ్రటి పెద్ద టేబుల్. తలుపుకి ఎదురుగా ఉన్న కుర్చీ విందు ఇచ్చేవాళ్లదనీ, దాని కుడిపక్కది ముఖ్య అతిథిదనీ, తలుపుకి వీపు పెట్టి కూర్చునేది అందరికంటే చిన్నవాళ్లనీ హైమ చదివింది. కర్ట్ లోపలికి రాగానే, ఫోన్ వస్తే బయటికెళ్లడానికి వీలుగా ఉంటుందని తలుపుకి వీపు పెట్టే ఆ కుర్చీయే లాక్కుని కూర్చున్నాడు. లూ మొహం పాలిపోయింది. లేచి అతన్ని బతిమాలింది. "నో, నో, ఐ యామ్ గుడ్," అన్నాడు కర్ట్ ఉదారంగా.

ఛైర్మన్ ఒకసారి కర్ట్‌ని చూశాడు. తర్వాత తన కుడిపక్క కుర్చీ తనే వెనక్కి లాగి, హైమను పిలిచాడు. ఆమె వద్దంది. ఆయన మళ్లీ పిలిచాడు. ఆమె మళ్లీ వద్దంది. మూడోసారికి వెళ్లి కూర్చుంది. ఆమె ముందు పుట్టగొడుగులు, బీన్స్, టోఫూ వచ్చాయి. ఆ పళ్లేల్లో చేప అన్నది లేదు.

భోజనం సగంలో ఆయన గ్లాసు పట్టుకుని లేచాడు. అందరూ లేచారు. ఇంజినీర్లిద్దరి వైపూ చూసి, తర్వాత సరాసరి కర్ట్ వైపు తిరిగి మాట్లాడాడు. లూ వాక్యం వాక్యం ఆగి చెప్పింది.

"పరదేశాల నుంచి మా ఫ్యాక్టరీకి ఎన్నో స్పెసిఫికేషన్లు వస్తాయి. హైమ మేడం రాసి పంపినంత స్పష్టమైనది నేను ఇంతవరకూ చూడలేదు. అందులో ఒక్క అక్షరం కూడా మార్చాల్సిన పని లేదు. మా కుర్రవాళ్లకి అది చూపించి పని నేర్పమని చెప్పాను."

ఇంజినీర్లు గ్లాసులు రెండు చేతులతో ఎత్తి, గౌరవంగా హైమ గ్లాసు కంటే కిందికి వంచి తాకించారు. ఆమెకు కళ్లు చెమర్చాయి. తన పళ్లరసం గ్లాసు గడగడా తాగేసింది.

కర్ట్ టేబుల్ చుట్టూ తిరిగొచ్చి ఆమె చెవిలో అడిగాడు. "ఒక్కటి చెప్పు. స్పెసిఫికేషన్ బాగుందా, బాగాలేదా?"

"బాగుంది కర్ట్."

"మరి మధ్యాహ్నం..."

"కూర్చుని తిను. చల్లారిపోతుంది."

శుక్రవారం వాళ్లు వెళ్లిపోయారు. కర్ట్ మొదటి పేజీ చదివాడో లేదో గానీ, రిపోర్ట్‌లో హైమ పేరు రాలేదు. 'మెరుగైన రబ్బరుకు మారుతున్నాం' అని మాత్రం రాశాడు. సూటిగా మాట్లాడితే ఎవరితోనైనా పని అవుతుందని సేల్స్‌వాళ్లకి చెబుతుంటే హైమ విని, అక్కణ్ణుంచి లేచి వచ్చేసింది.

నవంబరులో, థాంక్స్‌గివింగ్ పండగ ముందు వారం కొత్త రింగులు వచ్చాయి. హైమ మొదటి పెట్టె తనే విప్పింది. కొన్ని తీసి, వేడినీళ్ల తొట్టిలో వేసి, సాయంత్రందాకా ఉంచింది. తర్వాత ఒక్కొక్కటీ తీసి, వేళ్లతో సాగదీసి చూసింది. మెత్తగా సాగి, వదలగానే మళ్లీ గుండ్రంగా నిలిచాయి. పగుళ్లు లేవు. ఈ మాత్రం రబ్బరు కోసం ఎన్ని మైళ్లు తిరిగాను, ఎన్ని అబద్ధాలాడాను, ఒక్కరంటే ఒక్కరు నోరు విప్పి జరిగింది జరిగినట్టు చెప్పారా అని తనలో తనే గొణుక్కుంటూ, తొట్టిలోంచి ఇంకో రింగు తీసి గుడ్డతో తుడిచింది.